మసక ఎక్కడ పుట్టిందో తేలాకే కొత్త లెన్స్

మీరు అడిగినవి క్లుప్తంగా ఇవీ. ఉండేది నరసన్నపేట. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో కానన్ 1500డి, దాంతోపాటు కెమెరాతో మామూలుగా ఇచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్ కొన్నారు. పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురం వెళ్లి పెలికాన్లు తీస్తే మరీ చిన్నగా వచ్చాయి, పైగా మసక. కొట్టతను దూరపువాటిని దగ్గరగా చూపే 75-300 లెన్స్ తీసుకోమన్నాడు, స్నేహితుడేమో మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కొత్తరకం కెమెరాకి) మారిపొమ్మన్నాడు. చేతిలో 15,000 రూపాయలు ఉన్నాయి. లెన్స్ లోపల సాలెపోగులాంటి మచ్చ కనిపిస్తోంది. వచ్చే దసరాకి విజయనగరం సిరిమాను ఉత్సవం తీయాలని ఉంది.

పక్షి చిన్నగా రావడం, మసకగా రావడం రెండు వేరు వేరు జబ్బులు. మొదటిదానికి లెన్స్ కావాలి. రెండోదానికి లెన్స్ కొన్నా నయం కాకపోవచ్చు, పెద్ద లెన్స్‌తో ఇంకా ముదురుతుంది కూడా. కాబట్టి ముందు మసక సంగతి తేల్చుకుందాం. డబ్బులు ఎక్కడికీ పోవు.

పాడైన ఫోటోలు డిలీట్ చేసి ఉండరనుకుంటాను. వాటిని ఫోన్‌లో కాకుండా కంప్యూటర్లో వంద శాతం సైజులో తెరవండి. మసక పట్టిన తీరును బట్టి కారణం దొరుకుతుంది. చెట్టు, కొమ్మ, పక్షి అన్నీ ఒకే దిక్కుకి సాగినట్టు ఉండి, ఆకుల మధ్య మెరిసే వెలుగు చుక్కలు చిన్న గీతల్లా మారితే అది చేతి షేక్. కొమ్మలు, పుల్లలు స్పష్టంగా ఉండి రెక్కలు మాత్రమే అలికినట్టుంటే పక్షి కదలిక. పక్షి మసకగా ఉండి దాని ముందున్న రెమ్మో వెనకున్న కొమ్మో చక్కగా వస్తే ఫోకస్ తప్పింది. మూడూ కాకుండా ఫ్రేమంతా మెత్తగా ఉండి, అంచులు నీటిలో చూసినట్టు వంకరపోయి, వరసగా తీసిన పది షాట్లలో ఒక్కోటి ఒక్కోలా ఉంటే అది వేడిగాలి. ఎండెక్కాక పొలాల మీదా తారురోడ్డు మీదా గాలి మరుగుతూ ఉంటుంది, దాని గుండా తీసిన ఏ ఫోటో అయినా అంతే. రెండు లక్షల లెన్స్ పెట్టినా అది పోదు. దగ్గర నుంచి తీయడం, పొద్దున్నే తీయడం, ఈ రెండే మందులు.

అదే ఫోటో వివరాల్లో షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం, సెకనులో ఎన్నో వంతు), ఎపర్చర్ (లెన్స్ లోపలి కన్నం, ఎఫ్ అంకె), ఐఎస్‌వో (వెలుతురుకి సెన్సర్ స్పందించే తీరు), ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మిల్లీమీటర్లు) చూడండి. ఆటో మోడ్‌లో తీశారనుకుంటే, మబ్బు పొద్దున చింతచెట్టు నీడలో కెమెరా 1/80, 1/100 లాంటి స్పీడ్ ఇచ్చి ఊరుకుంటుంది. పెలికాన్ కొమ్మ మీద మెడ తిప్పినా ఆ స్పీడ్‌కి దొరకదు. చేతి షేక్‌కి ఒక పాత లెక్క ఉంది: ఫోకల్ లెంగ్త్‌ని మీ కెమెరా చిన్న సెన్సర్‌కి వర్తించే 1.6 అంకెతో (దీన్నే క్రాప్ అంటారు) హెచ్చవేసి, షట్టర్ స్పీడ్ కింద అంకె అంతకు తగ్గకుండా చూసుకోవాలి. 55కి 1/100 దాకా, 250కి 1/400. లెన్స్‌లో ఐఎస్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఉంటే ఇంకా కిందికి వెళ్లొచ్చు గానీ ఐఎస్ ఆపేది మీ చేతి వణుకునే, పక్షి రెక్కని ఆపదు. ఇది చాలామంది కలగలిపేస్తారు. ఇంకో మాట, 18-55లో ఐఎస్ లేని రకం కూడా ఉంది. మీ లెన్స్ మూతి చుట్టూ ఉన్న అక్షరాల్లో ఐఎస్ అని ఉందో లేదో చూసుకోండి, ఉంటే పక్కనున్న స్విచ్ ఆన్‌లో ఉందో లేదో కూడా.

లెన్స్‌దే తప్పేమో అన్న అనుమానం తీరాలంటే ఇంట్లో ఒక పరీక్ష చాలు. దినపత్రికని గోడకి నాలుగు మూలలా టేపు వేసి అతికించండి. కెమెరాని ట్రైపాడ్ మీద, లేదంటే స్టూలు మీద పుస్తకాలు పేర్చి, కాగితానికి సూటిగా పెట్టండి. ఐఎస్ ఆఫ్, ఐఎస్‌వో 100, ఎఫ్/8, రెండు సెకన్ల టైమర్. లైవ్ వ్యూ (వెనక తెరమీద చూసే పద్ధతి) ఆన్ చేసి పది రెట్లు పెద్దది చేసి, చేత్తో రింగ్ తిప్పి ఫోకస్ చేసి ఒక షాట్ తీయండి. తర్వాత అదే చోట, వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) మధ్య పాయింట్‌తో ఆటో ఫోకస్ చేసి నాలుగైదు తీయండి. ప్రతిసారి ఫోకస్ రింగ్‌ని ముందుగా చెదరగొట్టాలి. మొదటిది బాగుండి రెండో రకం అన్నీ ఒకేలా మెత్తగా ఉంటే ఆటో ఫోకస్ ముందుకో వెనక్కో పడుతోందని అర్థం. దాన్ని సరిదిద్దే మెనూ 1500డిలో లేదు, సర్వీస్ సెంటర్ పనే. మొదటిది కూడా మెత్తగానే ఉంటే లెన్స్‌ని అనుమానించవచ్చు. రెండూ బాగున్నాయా, లెన్స్ తప్పు కాదు, ఎక్కువగా లోపం షట్టర్ స్పీడ్‌దే. చాలామంది విషయంలో తేలేది ఇదే.

ఇక పక్షులకి కెమెరా ఎలా పెట్టుకోవాలంటే: డయల్ టీవీ మోడ్‌కి తిప్పండి. షట్టర్ స్పీడ్ మనం ఇస్తాం, మిగతాది అది చూసుకుంటుంది. కూర్చున్న పక్షికి 1/320 నుంచి 1/500. పెలికాన్ ఎగిరేటప్పుడు 1/1000, అది పెద్ద రెక్కల్ని నెమ్మదిగా ఆడిస్తుంది కాబట్టి సరిపోతుంది. తెల్లకొంగ గూటి మీద వాలేటప్పుడు 1/1600 కావాలి. ఐఎస్‌వో ఆటోలో పెట్టి, మెనూలో పై హద్దు 3200 చేయండి. ఇక్కడ ఫోటోలో ఇసుక చల్లినట్టు గింజలు కనిపిస్తాయని భయపడి జనం ఐఎస్‌వో 400 దగ్గరే బిగుసుకుంటారు. గింజలున్నా పదునుగా ఉన్న ఫోటోని కంప్యూటర్లో బాగుచేయొచ్చు, షేక్ అయినదాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. ఫోకస్ ఏఐ సర్వోలో (కదిలేదాన్ని వెంబడించే పద్ధతిలో), పాయింట్లు తొమ్మిదీ కాకుండా మధ్యది ఒక్కటే. ఆ తొమ్మిదిలో మధ్యదే క్రాస్ టైప్, అడ్డగీతలనీ నిలువుగీతలనీ రెండింటినీ పట్టుకుంటుంది. తొమ్మిదీ వదిలేస్తే కెమెరా దగ్గరున్న చింతరెమ్మనే పట్టుకుంటుంది. షట్టర్ బటన్ సగం నొక్కి పక్షిని ఒకటి రెండు క్షణాలు వెంబడించాకే పూర్తిగా నొక్కండి. వరస షాట్లు సెకనుకి మూడే వస్తాయి, అందుకని నొక్కి పట్టుకునే బదులు రెక్క పైకి లేచే అదను చూసి నొక్కడం అలవాటు చేసుకోండి.

తెల్ల ఈకలు సున్నం కొట్టినట్టు వచ్చి వివరం పోవడం ఇక్కడ అందరికీ ఎదురయ్యేదే. కెమెరా మీటర్ ఎదురుగా ఉన్న దృశ్యాన్ని సగటున నడిమి బూడిదరంగుకి తేవాలని చూస్తుంది. ముదురు చింతాకు మధ్య తెల్ల పక్షి ఉంటే, ఆ ముదురుని చూసి వెలుగు పెంచుతుంది, పక్షి కాలిపోతుంది. ఏవీ ప్లస్ మైనస్ బటన్ నొక్కి పట్టి డయల్ తిప్పి మైనస్ 2/3 నుంచి మైనస్ 1కి తగ్గించండి. అదే పక్షి ఆకాశంలో ఎగిరితే తిరకాసు తలకిందులు: ఆకాశం వెలుగుకి కెమెరా తగ్గిస్తుంది, పక్షి నల్లగా వస్తుంది, అప్పుడు ప్లస్ 1. చెట్టు మీంచి ఎగిరే పక్షిని వెంబడిస్తే సగం దారిలో ఇది మార్చాలి. తీశాక తెరమీద హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) కనిపించే వరకూ డిస్ప్ బటన్ నొక్కండి. కాలిపోయిన చోట్లు మిణుకుమిణుకుమంటాయి. రెక్క మీద మిణుకు కనిపిస్తే ఇంకో 1/3 తగ్గించండి.

వేళ సంగతి. చలికాలంలో తెల్లవారాక తొమ్మిది లోపు. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోవాలి, అంటే పొద్దున చెట్టుకి తూర్పున నిలబడి పడమర వైపు చూడాలి. గూళ్ల కిందికి వెళ్లొద్దు. పెద్ద పక్షి బెదిరి లేచిందంటే గుడ్లకీ పిల్లలకీ ఎండ తగులుతుంది, కాకులు కాచుకుని ఉంటాయి. ఊరివాళ్లు వాటిని ఇంటికొచ్చిన బంధువుల్లా చూసుకుంటారు, మనం దారి మీద నుంచే తీసుకోవడం మర్యాద. అన్నట్టు, ఇవి సైబీరియా నుంచి వస్తాయని బోర్డుల మీదా వార్తల్లోనూ రాస్తుంటారు గానీ, ఈ బూడిదరంగు పెలికాన్లూ పెయింటెడ్ స్టార్క్ అనే కొంగలూ మన దక్షిణాసియా పక్షులే. ఫోటో కింద వివరం రాసేటప్పుడు సైబీరియా అని రాయకండి. వర్షాకాలంలో తీయాలనుంటే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఉంటాయి, అప్పుడు వెలుతురు తక్కువ కాబట్టి ఐఎస్‌వో హద్దు 6400కి పెంచాలి.

ఇప్పుడు చిన్నగా రావడం. దీనికి ఊహాగానాలు అక్కర్లేదు, హెచ్చవేత, భాగహారం చాలు. సెన్సర్ మీద పక్షి పొడవు కావాలంటే లెన్స్ మిల్లీమీటర్లని పక్షి పొడవుతో హెచ్చవేసి దూరంతో భాగించాలి. పెలికాన్ ముక్కు నుంచి తోక దాకా 1.3 మీటర్లు అనుకోండి, మీరు 40 మీటర్ల దూరంలో ఉన్నారు. 55 ఎంఎంతో సెన్సర్ మీద 1.8 మిల్లీమీటర్లు. సెన్సర్ వెడల్పు 22.3. అంటే ఫ్రేమ్‌లో 8 శాతం, 6000 పిక్సెళ్లలో 480. అదే 250 ఎంఎంతో 8.1 మిల్లీమీటర్లు, 36 శాతం, దాదాపు 2,200 పిక్సెళ్లు. 300తో 44 శాతం. గోడకి కట్టుకునే ప్రింటుకి 250 చాలు, 300కీ దానికీ తేడా పెద్దగా లేదు. 40 మీటర్ల చోటు 25 మీటర్లకి జరగగలిగితే 250తోనే ఫ్రేమ్‌లో సగానికి మించి నిండుతుంది.

అందుకే 75-300 వద్దంటాను. కానన్ ఈఎఫ్ 75-300 మూడో రకంలో ఐఎస్ లేదు, మోటార్ పాతకాలపుది, గరగరమంటూ మెల్లగా తిరుగుతుంది, 300 దగ్గర మెత్తబడుతుంది, తెల్ల రెక్క అంచున ఊదారంగు గీత వస్తుంది. దానికి పెట్టే డబ్బుకి కొంచెం కలిపితే ఈఎఫ్-ఎస్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎమ్ సెకండ్ హ్యాండ్‌లో మీ బడ్జెట్‌లో వస్తుంది. 375 గ్రాముల బరువు, 58 ఎంఎం ఫిల్టర్, చప్పుడు లేని మోటార్, 250 దగ్గర కూడా పదును. పేరు చివర ఆ మోటార్ గుర్తు ఎస్‌టీఎమ్ ఉండాలి. అంతకుముందు వచ్చిన 55-250 ఐఎస్, ఐఎస్ 2 కూడా మార్కెట్లో తిరుగుతున్నాయి, వాటి ఆటో ఫోకస్ నెమ్మది. 150-600 లెన్స్‌లు ఇప్పుడు తలచుకోకండి. రెండు కిలోల బరువు, మీ బడ్జెట్‌కి చాలా రెట్లు, పైగా 1500డి ఫోకస్ దానికి న్యాయం చేయదు.

పాత లెన్స్ కొనేటప్పుడు అంగట్లో ఏం చూడాలో చెప్తాను. రెండు మూతలూ తీసి, ఫోన్ టార్చ్‌ని వెనక అద్దం వైపు నుంచి కాస్త ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. దుమ్ము చుక్కలు నాలుగుంటే పట్టించుకోవద్దు. దారాల్లా కొమ్మలు వేసిన తెల్లటి పోగులుంటే ఫంగస్. పొగమంచు పట్టినట్టు తెల్లటి పొర ఉంటే లోపలి గ్రీజు ఆవిరై అద్దం మీద చేరింది. ఎపర్చర్ రేకులు మెరుస్తూ తడిగా ఉంటే నూనె కారింది, అలాంటిది ముడుచుకోవడంలో ఆలస్యమై ఫోటోలు ఎక్కువ వెలుగుతో వస్తాయి. స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారు, ఎందుకు విప్పారో అడగండి. మీ కెమెరాకి బిగించి, మీ మెమరీ కార్డుతో, రోడ్డవతల బోర్డునీ, కొట్టులోని బల్లనీ 55, 135, 250 దగ్గర తీసి, వీలైతే ఇంటికెళ్లి చూశాకే డబ్బు ఇవ్వండి. కెమెరా బాడీ కొనే మిత్రులెవరైనా ఉంటే వాళ్లకీ ఒక మాట: పెళ్లిళ్ల స్టూడియోలో వాడిన బాడీ పైకి మెరుస్తూ ఉన్నా లోపల షట్టర్ అరిగి ఉంటుంది, ఒక్కో పెళ్లికి వేలల్లో షాట్లు పడతాయి మరి. నికాన్‌లో ఎన్ని షాట్లు పడ్డాయో ఫోటో వివరాల్లోనే తెలుస్తుంది. 1500డిలో అలా రాదు, కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చదవాలి. నికాన్ డి3000, డి5000 వరస బాడీలకి ఫోకస్ మోటార్ ఉండదు, వాటికి చవకగా వస్తుందని పాత 50 ఎంఎం ఎఫ్/1.8డి తీసుకుంటే చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి.

ఇక మీ లెన్స్‌లో పోగు. అది ఫంగసే అయి ఉంటుంది. సముద్రం నుంచి ఇంత దగ్గర్లో, గాలిలో తేమ నెలల తరబడి తగ్గని జిల్లాలో, కెమెరాని బ్యాగులో పెట్టి బీరువాలో దాచడం కంటే ఫంగస్‌కి అనువైన చోటు ఉండదు. చీకటి, కదలని గాలి, గుడ్డ పీల్చిన తేమ మూడూ ఒకచోట దొరికాయి. తేమ 65 శాతం దాటి నెలలు గడిస్తే అద్దం మీద మొలక మొదలవుతుంది. అది అద్దం పైపూతని తింటుంది, మొదట్లో తుడిస్తే పోతుంది, ముదిరితే తుడిచాక కూడా మచ్చ ఉండిపోతుంది. చిన్న పోగు మామూలు ఫోటోలో కనిపించదు, సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం ఫ్రేమంతా తెల్లబారి కాంట్రాస్ట్ పడిపోతుంది. మీ మసకకి ఇది కారణమో కాదో పేపర్ పరీక్షలోనే తెలుస్తుంది. బయటి అద్దం మీద ఉంటే లెన్స్ క్లీనింగ్ ద్రవంతో తడిపిన లెన్స్ టిష్యూతో నడుమ నుంచి అంచుకి తుడవండి. లోపల ఉంటే మీరు విప్పొద్దు. కిట్ లెన్స్‌ని విప్పి శుభ్రం చేయించే ఖర్చుకి మరో పాత కిట్ లెన్సే వస్తుంది, కాబట్టి దాన్ని పెరగకుండా ఆపి వాడుకోవడమే మేలు.

ఆపడం ఎలాగంటే, రబ్బరు రింగుతో గట్టిగా బిగిసే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చుకోండి, పదీ పన్నెండు లీటర్లది. అందులో 200 గ్రాముల సిలికా జెల్, గుడ్డ సంచుల్లో కట్టి. తేమ చూపే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి. మీటర్ 40-50 మధ్య ఉండాలి. 30 కిందికి పోతే రబ్బరు పట్టీలకీ లోపలి గ్రీజుకీ మంచిది కాదు, కొంత జెల్ తీసేయండి. 55 దాటితే జెల్ తడిసింది. నారింజ రంగు జెల్ కొనండి, తడిస్తే ఆకుపచ్చగా మారుతుంది. నీలం రంగుది తడిస్తే గులాబీ అవుతుంది, అందులో కోబాల్ట్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో వద్దు. తడిసిన జెల్‌ని ఓవెన్‌లో 110-120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ రంగు వస్తుంది. ఓవెన్ లేకపోతే పాత మూకుట్లో సన్నసెగ మీద కలుపుతూ వేయించవచ్చు, ఆ మూకుణ్ణి మళ్లీ వంటకి వాడకూడదు. మంట పెద్దదైతే గింజలు నల్లబడి పనికిరావు. వేడి చల్లారేదాకా మూత బిగించిన సీసాలో ఉంచాలి, లేకపోతే చల్లారేలోపే మళ్లీ గాలిలోని తేమ తాగేస్తుంది. బియ్యంలో కెమెరా పెట్టమనే సలహా వింటుంటారు, దానివల్ల పిండి దుమ్ము తప్ప ఏమీ రాదు. కలరా ఉండలు అసలే వద్దు, వాటి ఆవిరి అద్దం మీద పొరలా పేరుకుంటుంది. కెమెరాని వారానికోసారి బయటికి తీసి జూమ్, ఫోకస్ తిప్పుతూ కాసేపు వాడితే ఏ జెల్ చేయని మేలు జరుగుతుంది. ఎండలో పెట్టి ఆరబెడదామని మాత్రం లెన్స్‌ని మూత తీసి డాబా మీద వదలకండి. అది భూతద్దం, కింద ఏదున్నా కాలుతుంది.

కళింగపట్నం, బారువ తీరాలకి వెళ్తే ఉప్పుతుంపర అసలు శత్రువు. లెన్స్ మీద పడిన తుంపరని పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు పలుకులు గీతలు పెడతాయి. మంచినీటితో తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒకసారి అద్ది, తర్వాత పొడిగుడ్డ. ఒడ్డున లెన్స్ మార్చొద్దు, కారులోనో ఆటోలోనో అద్దాలెత్తి మార్చండి. యూవీ ఫిల్టర్ దండగని ఊళ్లో అంటుంటారు, నేనూ మిగతా చోట్ల అదే అంటాను, ఇసుక ఎగిరే తీరంలో మాత్రం పెట్టుకోవాల్సిందే. ట్రైపాడ్ కాళ్లలో అన్నిటికంటే కిందిదాన్నే ముందు లాగండి, మెలితిప్పే కీలు ఇసుకకి, నీళ్లకి పైన ఉంటుంది. ఇంటికొచ్చాక కాళ్లు మంచినీళ్లతో కడగాలి. ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చి నేరుగా తీరాన తీస్తే అద్దం చెమర్చుతుంది, జిప్ కవర్‌లో పెట్టి అరగంట ఉంచి తీయండి.

మన తీరంలో సూర్యోదయం జనవరిలో ఆరున్నర ప్రాంతం, జూన్‌లో 5:20 ప్రాంతం. అసలు రంగులు అంతకు అరగంట ముందు. ఎఫ్/11, ఐఎస్‌వో 100 పెడితే ఆ మసక వెలుతురులో షట్టర్ నెమ్మదై సెకన్లలోకి వెళ్తుంది, అలలు పాలపొంగులా రావడానికి అది చాలు, వేరే ఫిల్టర్ కొనక్కర్లేదు. సూర్యుడు పైకొచ్చాక ఆప్టికల్ వ్యూఫైండర్ గుండా నేరుగా చూడొద్దు, కళ్లు పోతాయి. శీతాకాలం చివర తాబేళ్లు ఒడ్డుకి వచ్చే రోజుల్లో రాత్రి ఫ్లాష్ గానీ ఫోన్ టార్చ్ గానీ వేయకండి, తల్లి గుడ్లు పెట్టకుండా వెనుదిరుగుతుంది, పిల్లలు వెలుగు వైపు నడిచి దారి తప్పుతాయి.

కొత్త లెన్స్ వచ్చేలోగా ఉన్న 18-55తో పొందూరు వెళ్లండి. నేతపని, నూలుపని తీయడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు అక్కడ. ఆ సన్నటి పళ్ల వరస మధ్య పత్తి పోగులు చిక్కుకుని విడివడేది దగ్గర నుంచి తీయాలి. కిట్ లెన్స్ పావు మీటర్ దాకా ఫోకస్ చేస్తుంది. 55 దగ్గర, ఎఫ్/5.6, 1/125, కిటికీ వెలుతురుకి ఐఎస్‌వో 1600 ప్రాంతంలో వస్తుంది. కిటికీ పక్క నుంచి పడాలి, ఎదురు నుంచి పడితే పోగులు చదునుగా కనిపిస్తాయి. 50 ఎంఎం ఎఫ్/1.8తో ఎఫ్/2 పెడితే ఐఎస్‌వో 200కి దిగుతుంది గానీ, అంత దగ్గరలో పదునుగా ఉండే మందం మూడు మిల్లీమీటర్లే, ఎముక పళ్లలో సగం మసకైపోతాయి. అక్కడా ఎఫ్/5.6 మేలు. ఫ్లాష్ వద్దు. పని చేసుకునే ఆవిడని అడిగి తీయండి, మళ్లీ వెళ్లినప్పుడు నాలుగు ప్రింట్లు చేతిలో పెట్టండి.

సిరిమాను. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోటకి మూడుసార్లు వెళ్లి వస్తుంది. బయల్దేరేది మధ్యాహ్నం దాటాక, అక్టోబర్‌లో అక్కడ సూర్యాస్తమయం 5:25 నుంచి 5:50 మధ్య. అంటే మొదటి తిరుగుడుకి ఎండ, చివరిదానికి మునిచీకటి. మొదట 1/500, ఎఫ్/5.6, ఐఎస్‌వో 100. చివరికొచ్చేసరికి 1/250, ఐఎస్‌వో 3200. మాను చివర కూర్చున్న పూజారి ఆకాశం మీదకి వస్తాడు, ప్లస్ 1 ఇవ్వకపోతే ముఖం నల్లటి ముద్ద. ముందు నడిచే పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ఇవన్నీ కిందే, వాటికి 18 నుంచి 24 ఎంఎం చాలు, మాను కొసకి 55-250. జనంలో లెన్స్ మార్చడం కుదరదు, చెయ్యి కదపడానికే చోటుండదు. ఏదో ఒకటి నిర్ణయించుకోండి. మొదటిసారి కాబట్టి, మెట్ల మీదో మేడ మీదో చోటు దొరికితే 55-250, రోడ్డు మీదే ఉంటే 18-55. మేడ కావాలంటే ఇంటివాళ్లని ముందు రోజే అడిగిపెట్టుకోవాలి, పండగ నాడు పొద్దెక్కాక ఆ వీధుల్లోకి బండి కాదు కదా మనిషి దూరడమే కష్టం. మాను మీదకి భక్తులు అరటిపళ్లు విసురుతారు, గురి తప్పినవి మన మీద పడతాయి. లెన్స్ హుడ్ తగిలించుకుని వెళ్లండి, అద్దానికి అదే గొడుగు. మొదటి తిరుగుడులో వెనకాల కరెంటు తీగలు ఎక్కడ అడ్డొస్తున్నాయో చూసుకుని రెండోదానికి నాలుగడుగులు జరగండి. బ్యాటరీ ఎల్‌పీ-ఈ10, వ్యూఫైండర్‌తో నిండు చార్జికి 500 షాట్ల దాకా వస్తుంది, లైవ్ వ్యూలో అందులో సగం కూడా రాదు. రెండోది జేబులో ఉండాలి. 64 జీబీ కార్డు ఒకటికి బదులు 32 జీబీవి రెండు, ఒకటి మొరాయించినా మొత్తం పండగ పోదు. రా ఫార్మాట్‌లో (కెమెరా కుదించకుండా దాచే ఫైలులో) తీస్తే సాయంత్రపు చీకటి షాట్లని తర్వాత బాగు చేసుకోవచ్చు, కానన్ వాళ్ల డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్ సాఫ్ట్‌వేర్ ఉచితమే.

మిర్రర్‌లెస్ ఇప్పుడొద్దు. కానన్ ఆర్50, ఆర్10 లాంటి మిర్రర్‌లెస్ బాడీలు పక్షి కంటిని తామే వెతికి పట్టుకుంటాయి, ఎగిరే పక్షులకి అది నిజంగా పెద్ద సాయం, కాదనను. కానీ 15,000తో బాడీ రాదు, వచ్చినా లెన్స్‌కి మిగలదు. రేపు ఆ వైపు వెళ్లినా 55-250 వృథా కాదు. కానన్ ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్ తగిలిస్తే దాని మీద ఆటో ఫోకస్‌తో సహా పనిచేస్తుంది.